టీచర్ల గ్రూపుల్లో పాఠం గురించి మాట్లాడుకోవాలంటే ఏం చేయాలి?

కోసిగి వైపు టీచర్

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి దగ్గర ఒక పల్లెలో ప్రైమరీ స్కూల్. ఇద్దరం టీచర్లం. మూడు, నాలుగు, ఐదు తరగతులు నావే.

ఈ ప్రాంతం వాళ్ళకు సుగ్గి అంటే చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను, కూలి పనులకు వలస పోవడమే సుగ్గి. వాన సరిగా పడక, పడినా పంట చేతికి రాక, దీపావళి దాటేసరికి ఊళ్ళో చాలా ఇళ్ళకు తాళాలు పడతాయి. కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి పోతారు, కొందరు గుంటూరు వైపు మిరపకాయల కోతకు. ఇంట్లో అవ్వాతాతలుంటే పిల్లలు ఊళ్ళో ఉంటారు. లేకపోతే వాళ్ళూ బండెక్కుతారు. సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి, కొంతమంది అక్కడ ఆగుతారు. పోయినవాళ్ళు మళ్ళీ ఉగాదికి అటూ ఇటూగా వస్తారు. వచ్చిన పిల్లల్ని వాళ్ళు వదిలేసిన చోటి నుంచి మొదలుపెట్టించాలా, తరగతి నడుస్తున్న చోటికి లాక్కురావాలా అన్నది ప్రతి ఏడూ నాకు టెన్షనే.

దీనికి సలహా అడగడానికి చోటు ఎక్కడుంది అన్నదే నా ప్రశ్న.

నా ఫోన్‌లో టీచర్ల గ్రూపులకు కొదవ లేదు. చుట్టుపక్కల బడులు కలిసిన కాంప్లెక్స్ గ్రూప్, మండలం గ్రూప్, సంఘం గ్రూప్, మా డీఎస్సీ బ్యాచ్ గ్రూప్, బోధన సామగ్రి కోసం పెట్టిన టీఎల్ఎం గ్రూప్. పొద్దున ఆరింటికే మొదలవుతాయి. శుభోదయాలు, పుట్టినరోజులు, అటెండెన్స్ ఇంకా వేయని స్కూళ్ళ లిస్టు, కోడిగుడ్ల లెక్క పంపమని మెసేజ్, జీతాల పీఆర్సీ మీద వాదన, ఒకే సర్క్యులర్ అన్ని గ్రూపుల్లోనూ. వీటిని తప్పుపట్టడం లేదు, సర్క్యులర్ టైముకు అందడం అవసరమే. కానీ ఇంతమంది టీచర్లం ఒక చోట చేరి, పొద్దున నుంచి సాయంత్రం దాకా చేసే పని గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడుకోం.

ఒక సంగతి చెప్తాను. నాలుగో తరగతిలో ఒక బాబు, పత్తి తీసే సుగ్గికి పోయి వచ్చినవాడే. 52 లోంచి 27 తీసేయమంటే 35 రాశాడు. 61 లోంచి 38 అంటే 37. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అని చూడడం లేదు, ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు. 'అప్పు తెచ్చుకోవడం' మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆ పూట చేశాడు. మర్నాడు మళ్ళీ 35. పేరు కనపడకుండా ఆ పేజీ ఫోటో తీసి టీఎల్ఎం గ్రూప్‌లో పెట్టి, ఇలాంటి పిల్లలకు మీరేం చేస్తున్నారని అడిగాను. బొటనవేళ్ళు వచ్చాయి, నమస్కారాలు వచ్చాయి. ఒక సార్ పెద్ద పీడీఎఫ్ ఒకటి పెట్టారు. తెల్లారి అటెండెన్స్ లిస్టులు వచ్చి పడ్డాక నా ఫోటో ఎవరికీ కనిపించనంత పైకి పోయింది.

అయితే ఆ రాత్రే పత్తికొండ వైపు పనిచేసే ఒక మేడం నాకు విడిగా మెసేజ్ పెట్టారు. ముఖపరిచయం కూడా లేదు. 35 ఎలా వచ్చిందో వాడినే అడిగారా అన్నారు. తప్పు అని చెప్పకుండా పదేసి పుల్లల కట్టలు, కొన్ని విడి పుల్లలు ఇచ్చి 52 పేర్చమనండి, అందులోంచి 27 మీ చేతికి ఇమ్మనండి, పుల్లల్లో ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో ఎంత వచ్చిందో పక్కపక్కన పెట్టి వాడినే చూడనివ్వండి, అప్పుడు ప్రశ్న వాడి నోటి నుంచి వస్తుంది అని రాశారు. రెండు విడి పుల్లల్లోంచి ఏడు ఇవ్వాలంటే పది పుల్లల కట్ట ఒకటి ఎందుకు విప్పాల్సొస్తుందో కూడా వివరంగా రాశారు. నాకు అది ఎన్నో ట్రైనింగుల కంటే ఎక్కువ పనికొచ్చింది. ఇదే మాట గ్రూప్‌లో పెట్టొచ్చు కదా మేడం అంటే, "అక్కడ పెద్ద సార్లుంటారు, మండల విద్యాధికారి ఎంఈఓ గారుంటారు, నేను చెప్పేదేముంది" అన్నారు.

నా బాధ అదే. ఇంత తెలిసినావిడ గ్రూప్‌లో నోరు విప్పరు. ఆమె లాంటి వాళ్ళు మన జిల్లాల్లో ఇంకెంతమంది ఉన్నారో. దీక్ష పోర్టల్‌లో టీచర్ల ట్రైనింగ్ కోసం పెట్టిన నిష్ఠ కోర్సులు నేనూ చేశాను. వాటిలో మంచి వీడియోలు ఉన్నాయి, కాదనను. కానీ మా బాబు 35 ఎందుకు రాశాడని వీడియోను అడగలేం కదా. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలైనా వృత్తి కోసం నేర్చుకోవాలంటోంది. ఆ పత్తికొండ మేడంతో మాట్లాడిన గంట నాకు నిజంగా నేర్చుకున్న గంట. అది ఏ సర్టిఫికెట్‌లోనూ రాదు.

మీలో ఎవరైనా పాఠం గురించి మాత్రమే మాట్లాడుకునే గ్రూప్ నడిపారా? వాట్సాపా, టెలిగ్రామా, ఫేస్‌బుక్కా? ఎంతమంది ఉండాలి? అధికారులను చేర్చుకోవాలా వద్దా? పిల్లల నోట్‌బుక్‌లు అలా పెట్టడం సరైనదేనా? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా రాయండి.

లెక్కల సార్, కళ్యాణదుర్గం

మేడం, మీ ఆదోని వైపు సమస్యే మాకూ ఉంది. మా దగ్గర నుంచి బెంగళూరుకు పోతారు, అంతే తేడా.

కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు లెక్కలు చెప్పేవాళ్ళం కొంతమందిమి టెలిగ్రామ్‌లో ఒక చిన్న గ్రూప్ నడుపుతున్నాం. యాప్ ఏదన్నది తర్వాతి సంగతి. ముందు ఎంతమంది, దేని గురించి అన్నది తేల్చుకోండి. వాట్సాప్ గ్రూప్‌లో 1024 మంది పడతారు, టెలిగ్రామ్‌లో 2 లక్షల మంది దాకా. పడతారు కదా అని అందరినీ చేర్చేస్తాం, అక్కడే చెడుతుంది. వెయ్యి మంది చూస్తుండగా "ఈ పిల్లవాడికి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు" అని అనడానికి ఎవరికైనా నోరు రాదు. మాది పాతిక మందిలోపే. ఒకరు కొత్తగా రావాలంటే లోపల ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు వాళ్ళ క్లాసు చూసి ఉండాలి. అది నేను చాలా గట్టిగా పట్టుకున్న నియమం, కొందరికి కోపం వచ్చినా సరే.

టెలిగ్రామ్ ఎందుకంటే ఫోన్ నంబర్ కనపడకుండా పెట్టుకోవచ్చు, భిన్నాలకు ఒక విభాగం తీసివేతకు ఒక విభాగం అని టాపిక్‌లు విడదీసుకోవచ్చు, కొత్తగా వచ్చినవాళ్ళు పాత చర్చ మొత్తం చదువుకోవచ్చు. మూడోది చాలా ముఖ్యం. జూన్‌లో ఒకరు అడిగిందే జనవరిలో ఇంకొకరు అడుగుతారు.

పోస్టు పెడితే అందులో పిల్లవాడు ఏం రాశాడు, మీరు వాడిని ఏం అడిగారు, వాడు ఏం చెప్పాడు అన్నవి ఉండాలి. చివరిది లేకపోతే, ముందు పోయి పిల్లవాడిని అడిగి రండి అంటాం. బోర్డు ముందు టీచర్ నిలబడిన ఫోటోలు, చార్టుల ఫోటోలు మా దగ్గర ఉండవు. శుభోదయం పెడితే అడ్మిన్ తీసేస్తాడు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆదివారం సాయంత్రం ఒక గంట, ఒకే ప్రశ్న మీద అందరం కూర్చుంటాం. ఇది మేం కనిపెట్టింది కాదు. కొందరు టీచర్లు 2009లో ట్విట్టర్‌లో ఎడ్‌చాట్ అని మొదలుపెట్టారు. వారానికి ఒక రోజు, ఒక గంట, ముందే ఓట్లు వేసి ఎంచుకున్న ఒకే అంశం. దాని గురించి చదివినప్పుడు నాకు ఆ గంట పద్ధతి బాగా నచ్చింది. రోజంతా తెరిచి ఉన్న గ్రూప్‌ను రోజంతా ఎవరూ చూడలేరు. ఈ గంట అయితే మాకు ఖాయం.

మీ బాబు సంగతికొస్తే, పుల్లల కట్టలు మంచి సలహా. దాని తర్వాత ఖాళీ సంఖ్యారేఖ చేయించి చూడండి. నెదర్లాండ్స్‌లో చిన్న తరగతుల్లో బాగా వాడే పద్ధతి. అంకెలేవీ లేని ఒక గీత గీయించండి. ఒక చివర 27, ఇంకో చివర 52. 27 నుంచి 30కి ఒక గెంతు, అది 3. 30 నుంచి 50కి ఇంకో గెంతు, 20. అక్కడి నుంచి 52కి 2. గెంతులు కలిపితే 25. అప్పు మాటే రాదు. మా గ్రూప్‌లో రాయదుర్గం మేడం ఒకరు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలతో దీన్ని చేయించి, వాళ్ళు గీసిన గీతలు పెట్టారు. ఒక పాప పదేసి గెంతింది, ఇంకో బాబు ఒకటొకటిగా గెంతాడు, ఒకడు 52 నుంచి వెనక్కి వచ్చాడు. ఆ గీతలు చూశాకే మిగతావాళ్ళం మా క్లాసుల్లో మొదలుపెట్టాం.

అధికారులను మాత్రం చేర్చకండి. ఎంత మంచివారైనా సరే.

విశ్రాంత హెచ్ఎం, కడప

అమ్మా, నీ ప్రశ్న చదివి చాలా సంతోషమైంది. కళ్యాణదుర్గం సార్ మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, చివరి మాటతో తప్ప.

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచేది. మేమంతా ఏపీపెప్ అనేవాళ్ళం. అందులో ఊళ్ళను కలిపి టీచర్ల సెంటర్లు పెట్టారు. ఆరు సూత్రాలు చెప్పేవాళ్ళు. పిల్లలు చేసి నేర్చుకోవడం, గుంపుగానూ ఒంటరిగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవడం ఇలాంటివి. చివరి సూత్రం తరగతి గదిలో పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి గదిని ఆసక్తికరంగా చేయడం. మా సెంటర్‌లో దాన్ని మేం ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాం. మీటింగుకు వచ్చేటప్పుడు ప్రతివాళ్ళూ పిల్లల కాగితాల కట్ట ఒకటి తెచ్చేవాళ్ళం. కింద పరిచి చుట్టూ కూర్చునేవాళ్ళం. బొమ్మ వేసిన పిల్ల ఏం అనుకుని వేసిందో ఆ టీచర్ చెప్పేది, మేం అడిగేవాళ్ళం. అందరికంటే బాగా మాట్లాడింది అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక చెల్లెలు. ఆమె కాగితాలు బాగా చూసేది, అంతే. రానురాను మీటింగుల్లో నింపాల్సిన ఫారాలు పెరిగాయి, పిల్లల కాగితాలు తగ్గిపోయాయి. నువ్వు ఇప్పుడు ఫోన్‌లో చేయాలనుకుంటున్నది ఆ కాగితాల పనే.

అధికారుల విషయం. మాకు అప్పట్లో ఒక మండల అధికారి ఉండేవారు. సెంటర్‌కు వచ్చి మాతో పాటు కింద కూర్చుని, తాను పాఠం చెప్పిన పిల్లల కాగితాలు తానే తెచ్చి చూపించేవారు. ఆయన వచ్చిన రోజు ఎవరూ భయపడేవాళ్ళు కాదు. కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: ఎవరు వచ్చినా పిల్లల పని ఒకటి తెచ్చుకుని రావాలి. తెచ్చినవాళ్ళకు చోటుంది. కళ్యాణదుర్గం సార్ ఒప్పుకోకపోవచ్చు, నా అనుభవం ఇది.

ఇంకో మాట. మూడు తరగతులు నువ్వు ఒక్కదానివే చూస్తున్నావు కదా. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్ళు ఒకే టీచర్ చాలా తరగతులు చూసే పల్లె బడుల కోసం కార్డుల పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఒక నిచ్చెనలా పెడతారు. పిల్ల కొన్నాళ్ళు బడికి రాకపోయినా, వచ్చాక తాను ఆగిన మెట్టు నుంచే ఎక్కుతుంది. తరగతి కోసం పరుగెత్తక్కర్లేదు. సుగ్గి పిల్లలకు ఇంతకంటే సరిపోయే పద్ధతి నేను చూడలేదు. నీ గ్రూప్‌లో మొదట దీని మీద మాట్లాడుకోండి.

తెలుగు టీచర్, ప్రొద్దుటూరు

అందరూ మంచి మాటలే చెప్పారు. ఆడ టీచర్ల వైపు నుంచి కొన్ని చెప్పాలి.

ఒక పెద్ద గ్రూప్‌లో నేను వ్యాకరణం మీద ప్రశ్న అడిగాక, నంబర్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి ముక్కూమొహం తెలియనివాళ్ళ నుంచి మెసేజ్‌లు మొదలయ్యాయి. పాఠం గురించి ఒక్కటి లేదు. రాత్రిళ్ళు ఫోన్లు కూడా. గ్రూప్ నుంచి బయటికి వచ్చేశాను. పత్తికొండ మేడం గ్రూప్‌లో మాట్లాడకపోవడానికి పెద్ద సార్లు ఒక్కరే కారణం అయ్యుండకపోవచ్చు. నంబర్ దాచుకునే వీలు, అలాంటి మెసేజ్ పెట్టినవాడిని ఆ పూటే తీసేసే అడ్మిన్ ఉంటేనే మేం మాట్లాడగలం. అడ్మిన్లలో ఒకరు ఆడవాళ్ళు అయితే మంచిది.

టైము కూడా చూడండి. ఆదివారం సాయంత్రం అంటున్నారు, మా ఇళ్ళల్లో సోమవారానికి కావలసినవన్నీ అప్పుడే చూసుకోవాలి. కొందరు ఆ గంటకు రాలేరు, తర్వాత తీరిగ్గా చదువుకుంటారు. చదివి ఏమీ రాయనివాళ్ళను గ్రూప్ నుంచి తీసేయకండి. నేను చాలాకాలం అలా చదివే నేర్చుకున్నాను. టైప్ చేయడం కష్టమైనవాళ్ళు ఫోన్ కీబోర్డ్‌లో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసుకుంటుంది. మా స్కూల్లో రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మేడం కూడా అలాగే రాస్తున్నారు.

ఫోటోల విషయం. పిల్లల ముఖాలు, పేర్లు, స్కూల్ పేరు ఏవీ వద్దు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో ఉంది. చట్టం అలా ఉంచండి. సరిగా చదవడం రాని పిల్లను నిలబెట్టి తీసిన వీడియో ఒకటి గ్రూపుల్లో తిరగడం చూశాను. ఆ పిల్ల రేపు పెద్దదవుతుంది కదా. చేతిరాత ఉన్న పేజీ ముక్క చాలు. ఇంకా జాగ్రత్త అయితే మనమే తిరిగి రాసి పెట్టొచ్చు.

కొత్త ఎస్జీటీ (ప్రైమరీ టీచర్), ఆలూరు

మేడం, నేను ఈమధ్యే డీఎస్సీలో వచ్చాను. అనుభవం తక్కువ, కానీ ఎక్స్‌లో విద్య మీద రాసేవాళ్ళను కొందరిని ఫాలో అవుతుంటాను. అక్కడ ఒకరు పెట్టిన పోస్టు వల్ల ఒక పరిశోధన తెలిసింది, మీ బాబుకు పనికొస్తుందనిపించింది.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఇంకొందరు కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసింది. 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈ పిల్లలు కూరగాయలు అమ్ముతూ కిలోల లెక్క, చిల్లర లెక్క నోటితో ఠక్కున చెప్తారు. అదే లెక్క స్కూల్లో అడిగినట్టు కాగితం మీద అడిగితే తడబడతారు. బడికి మాత్రమే పోయే పిల్లలది దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. కాగితం మీద చేస్తారు, మార్కెట్ లెక్క ఇస్తే చేయలేరు. ఒక చోట వచ్చింది తనంతట తాను ఇంకో చోటికి రాదు, మధ్యలో ఎవరో కలపాలి.

మీ బాబు పత్తి తూకాల దగ్గర ఉండి వచ్చినవాడు. వాడిని కాగితం లేకుండా, పత్తి కిలోల్లో అదే లెక్క అడిగి చూస్తారా? ఏం చెప్తాడో తెలుసుకోవాలని ఉంది.

కోసిగి వైపు టీచర్

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆలూరు తమ్ముడూ, అడిగాను.

"ఇద్దరూ కలిసి 52 కిలోలు తీశారు, అందులో మీ అమ్మది 27, మీ నాయనది ఎంత?" అన్నాను. పైకి చూశాడు, వేళ్ళు కూడా కదపలేదు. 25 అన్నాడు. ఎట్లా చెప్పావంటే, "మూడేస్తే ముప్పై, ముప్పై నుంచి యాభై రెండుకు ఇరవై రెండు" అన్నాడు. అంటే కళ్యాణదుర్గం సార్ చెప్పిన గెంతులే వాడు నోట్లో గెంతుతున్నాడు. వెంటనే నోట్‌బుక్‌లో 52 కింద 27 రాసి ఇస్తే మళ్ళీ 35 వేశాడు. రెండూ ఒకటే లెక్క అని వాడికి తెలియదు. నేను గీత గీసి, ఒక చివర 27 కిలోలు, ఇంకో చివర 52 కిలోలు రాసి, నువ్వు చెప్పింది దీని మీద చూపించు అన్నాను. చూపించాడు. ఆ గీత కింద నోట్‌బుక్ లెక్క పెట్టాను. చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసి, "ఇది తప్పు టీచర్" అని 35 మీద వేలు పెట్టాడు. నేను ఏమీ చెప్పలేదు. అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. వస్తుందనే నమ్మకం నాకిప్పుడు ఉంది, ఎందుకంటే ఏది సరైన జవాబో వాడికి వాడే చూసుకోగలడు.

గ్రూప్ మొదలుపెడుతున్నాను. టెలిగ్రామ్‌లోనే, నంబర్లు కనపడకుండా. అడ్మిన్లు నేనూ, పత్తికొండ మేడం. మొహమాటపడ్డారు, కానీ ఒప్పుకున్నారు. ప్రస్తుతానికి మూడు, నాలుగు, ఐదు తరగతుల లెక్కలు, తెలుగు మాత్రమే. ఆదివారం బదులు శనివారం సాయంత్రం, రాలేనివాళ్ళు తర్వాత చదువుకోవచ్చు. చదివి ఊరుకునేవాళ్ళనూ ఉంచుతాం. కడప సార్ చెప్పిన నియమం తీసుకున్నాను. అధికారులైనా సరే, పిల్లల పని ఒకటి తెచ్చుకుంటే రావచ్చు. కళ్యాణదుర్గం సార్, మీరు దీనికి ఒప్పుకోరని తెలుసు. ఏడాది నడిపి చూస్తాం, పత్తికొండ మేడం లాంటివాళ్ళు మాట్లాడడం తగ్గితే మీ పద్ధతికే వస్తాం. మీ గ్రూప్‌లో పిల్లలు గీసిన సంఖ్యారేఖల ఫోటోలు, రాయదుర్గం మేడం ఒప్పుకుంటే, మాకూ పంపగలరా?

మొదటి వారం తీసివేత. రెండో వారం రిషి వ్యాలీ మెట్ల పద్ధతి, దానికి కడప సార్ వచ్చి మాట్లాడాలని మా కోరిక. మూడో వారం తెలుగు. మా పిల్లలు ఒత్తులు వదిలేస్తున్నారు. ప్రొద్దుటూరు మేడం, మీరు ఒక పేజీ పెట్టి మొదలుపెడతారా?

తెలుగు టీచర్, ప్రొద్దుటూరు

తప్పకుండా మేడం. నాది హైస్కూల్ అయినా ఆరో తరగతికి వచ్చే పిల్లల్లోనూ ఇదే ఉంది. 'చెట్టు'ను 'చెటు' అనీ, 'డబ్బు'ను 'డబు' అనీ రాస్తారు. చదవమంటే ఒత్తి సరిగ్గానే పలుకుతున్నారు. కళ్యాణదుర్గం సార్ నియమం ప్రకారం ముందు పిల్లల్ని అడగాలి కాబట్టి, సోమవారం 'చెటు' రాసిన పాప చేత దాన్ని గట్టిగా చదివిస్తాను. ఏం చదివిందో, ఎందుకలా రాసిందని చెప్పిందో పేజీతో పాటు పెడతాను. మీ నాలుగో తరగతిలో కూడా ఒకరిద్దరి చేత ఇదే చేయించి ఉంచండి, పక్కపక్కన పెట్టి చూద్దాం.